గూగుల్‌ల ముందు కనవడెటోని ఎనుక ఎవలున్నరు?

పోలీసోళ్ల వెబ్‌సైట్ లింకు నొక్కితే క్రికెట్ బెట్టింగ్ సైట్ తెరుచుకుంటే ఎట్లుంటది? ఇది జోకు కాదు. 2024 మే నెలల టెక్‌క్రంచ్ అనే అమెరికా వార్తా సంస్థ ఈ ముచ్చట బయటపెట్టింది. చివర ‘గవ్ డాట్ ఇన్’ అని ఉండే మన సర్కారు లింకులు దాదాపు నాలుగు డజన్లు, నొక్కినోళ్లను తీస్కపోయి ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్లల్ల పడేస్తున్నయని చెప్పింది. బీహార్, గోవా, కర్ణాటక, కేరళ, మిజోరం పేర్ల పక్కన మన తెలంగాణ పేరు సుత ఉన్నది. వాటిల కొన్ని రాష్ట్ర పోలీసు శాఖలయి, కొన్ని ఆస్తి పన్ను శాఖలయి. ఆ లింకులు గూగుల్ సెర్చ్‌ల సుత ఎక్కి కూసున్నయి.

మన రాష్ట్రంల పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లనే చట్టం సవరించి బందు పెట్టిండ్రు. ఆంధ్రప్రదేశ్ 2020ల అదే పని చేసింది. 2025 ఆగస్టుల పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. పైసల ఆట నడిపెటోనికి మూడేండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జుర్మానా. దానికి ప్రచారం చేసెటోనికి రెండేండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా. సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద మన పోలీసులు కేసులు సుత పెట్టిండ్రు. అంత మంచిదే.

మరి ఇన్ని చట్టాలు ఉంటే, బెట్టింగ్ సైటోడు మన పోరగాళ్ల ఫోన్ల దాకా ఎట్లొస్తున్నడు? వాడొచ్చే తొవ్వలు చాన ఉన్నయి. టెలిగ్రామ్ ఒకటి, దోస్తు పంపిన రెఫరల్ ఇంకొకటి. కానీ ఎవలూ పెద్దగా మాట్లాడని తొవ్వ ఒకటున్నది. అది సెర్చ్. యాడ్ ఇయ్యకుంట, హీరో మొఖం చూపెట్టకుంట, గూగుల్‌ల వెతికినోని ముందుకు వచ్చి నిలవడుడు. ఆ తొవ్వకు కంకర పోసేదే బ్యాక్‌లింక్. ఇంజనీర్లకే ఎరుకుండాల్సిన ముచ్చట అని దీన్ని ఇడిసిపెడితే నష్టపోయేది మనమే. అందుకే ఇయ్యాల జర ఓపికతోని దీని ముడి ఇప్పుదాం.

లింకు అంటే సాక్ష్యం

మన ఊర్లల్ల పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఏం చేస్తం? పిలగాడు మంచోడేనా అని పిలగాన్నే అడుగం కదా. ఆ ఊర్ల నలుగురిని అడుగుతం. కిరాణం దుకాణం కాడ అడుగుతం, సదువు చెప్పిన సారును అడుగుతం. అందరి మాటకు ఒక్కతీరు బరువుండది. సారు మాటకు ఎక్కువ, తాగేకాడ కలిసే దోస్తు మాటకు తక్కువ.

గూగుల్ పుట్టిందే ఈ ఉపాయం మీద. 1996ల అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల సదువుకునే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పిలగాండ్లు ఒక సెర్చ్ ఇంజన్ తయారుచేసిండ్రు. దానికి వాళ్లు మొదలు పెట్టిన పేరు ‘బ్యాక్‌రబ్’. ఒక సైటుకు వేరే సైట్ల నుంచి వచ్చే లింకులను, అంటే బ్యాక్‌లింకులను, లెక్కజూస్తది కాబట్టి ఆ పేరు. 1998ల గూగుల్ కంపెనీ అయింది. పెద్ద పెద్ద సదువుల పుస్తకాలల్ల ‘ఫలానా ఆయన ఇట్ల రాసిండు’ అని ఒకరినొకరు చెప్పుకుంటరు చూడున్రి, ఎక్కువ మంది చెప్పిన పుస్తకానికి విలువ ఎక్కువ. ఆ లెక్కనే వెబ్ మీద పెట్టిండ్రు. ఎవలో నీ సైటుకు లింకు ఇచ్చిండంటే నీ తరపున ఒక సాక్ష్యం చెప్పినట్టు. గొప్ప పేరున్న సైటు లింకు ఇస్తే సాక్ష్యం బరువు పెరుగుతది.

ఉపాయం మంచిదే. కానీ సాక్ష్యానికి విలువ వచ్చిందంటే, సాక్షులను కొనెటోడు సుత వస్తడు. సంబంధం చూడవోతే ఊర్ల నలుగురూ పిలగాని మేనమామలే అయితే? అందరూ ‘బంగారం అసొంటి పోరడు’ అనే చెప్తరు. అడిగింది నలుగురినే అయినా, విన్నది ఒక్క ఇంటి మాట.

ఇంటర్నెట్‌ల మేనమామల ఊర్లకు ఊర్లనే కట్టిండ్రు. వాటినే లింకు నెట్‌వర్క్‌లు అంటరు.

పెద్ద దుకాణం పట్టువడ్డ కథ

దీనికి అందరూ చెప్పుకునే కేసు అమెరికాలది. జేసీ పెన్నీ అని బట్టలు, ఇంటి సామాన్లు అమ్మే పాత కంపెనీ ఉన్నది. 2010 చివర్ల, పండుగల సీజన్ల, గూగుల్‌ల ‘డ్రెస్సులు’ అని కొట్టినా అదే ముందు, ‘దుప్పట్లు’ అని కొట్టినా అదే ముందు. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు అనుమానం వచ్చి, ఒక నిపుణుని పెట్టి దాని బ్యాక్‌లింకులను తవ్వించింది. ఒక్క డ్రెస్సుల పేజీకే, డ్రెస్సుల మాటల మీద పెట్టిన లింకులు 2,015 పేజీలల్ల దొరికినయి. ఆ లింకులు ఇచ్చిన సైట్లు ఏందయ్యా అంటే, రోగాల సైట్లు, కార్ల సైట్లు, కుక్కల సైట్లు. గురక గురించి రాసే సైటుకు ఆడోళ్ల డ్రెస్సులతోని ఏం పని? కొన్ని సైట్లల్లనైతే ఊకె లింకులు తప్ప ఇంకో ముచ్చటే లేదు.

2011 ఫిబ్రవరిల ఈ కథ అచ్చయ్యే ముందే గూగుల్ కర్ర తీసింది. పత్రిక చూసిన 59 మాటల మీద ఆ కంపెనీ సగటు స్థానం ఫిబ్రవరి 1న 1.3 ఉంటే, ఫిబ్రవరి 10 నాటికి 52 అయింది. కంపెనీ ఏమన్నది? ‘మాకు తెలువది, మేం చేయించలే’ అన్నది. పని పట్టిన ఏజెన్సీని తీసేసింది. మన దగ్గర రోడ్డు కుంగిపోతే సబ్ కాంట్రాక్టర్ మీద ఏసి చేతులు దులుపుకున్నట్టే.

ఆ మరుసటేడు, 2012 ఏప్రిల్‌ల, గూగుల్ ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చి కొన్న లింకుల మీద వేటు మొదలువెట్టింది. కొన్నా అమ్మినా తప్పే అని దాని రూల్స్‌ల రాసే ఉన్నది. దందా మాత్రం ఆగలే, వేషం మార్చింది.

మూడు వేషాలు

మొదటిది, సచ్చిన సైట్ల దందా. ఒక స్వచ్ఛంద సంస్థో, పాత పత్రికో వెబ్‌సైట్ పెట్టుకుంటది. కొన్నేండ్లకు పైసలు లేక డొమైన్ రెన్యువల్ చేయది. ఆ పేరు ఖాళీ అయితది. కానీ యూనివర్సిటీలు, పేపర్లు ఆ పేరుకు ఇచ్చిన పాత లింకులు అట్లనే ఉంటయి. దళారి ఆ పేరు కొంటడు. పైన నాలుగు ఆర్టికల్స్ పెడ్తడు, లోపల తనకు కావాల్సిన సైటుకు లింకు పెడ్తడు. ఇట్ల పదులు, వందల సైట్లు ఒక్కని చేతుల ఉంటే దాన్ని ప్రైవేట్ బ్లాగ్ నెట్‌వర్క్ అంటరు. సచ్చినాయన పేరు మీద పింఛన్ ఎత్తినట్టన్నమాట. 2024 మార్చిల గూగుల్ ఈ పాత డొమైన్ల దందాను పేరు పెట్టి నిషేధించింది.

రెండోది, కిరాయి అర్ర. పేరున్న వార్తా సైటు తన ఇంట్ల ఒక అర్రను కిరాయికిస్తది. ఆ అర్రల లోన్ యాప్‌ల రివ్యూలు, కూపన్లు, కాసినో ముచ్చట్లు పెడ్తరు. బయట బోర్డు పత్రికది, లోపల యాపారం ఇంకొకనిది. దీని మీద సుత 2024ల గూగుల్ రూల్ పెట్టింది.

మూడోది అన్నిటికన్నా ఖరాబుది. ఇది కొనుడు కాదు, కిరాయి కాదు, దొంగతనంగ జొరవడుడు. పాత సాఫ్ట్‌వేర్‌తోని నడిచే సర్కారు సైట్లల్ల, కాలేజీ సైట్లల్ల బొక్క చూసుకొని లోపటికి పోతరు. మనం చూస్తే మామూలు పేజీనే కనవడ్తది. గూగుల్ మిషన్ వచ్చి చదివితే మాత్రం బెట్టింగ్ మాటలు, లింకులు కనవడ్తయి. ఇండోనేషియాల జూదం సైట్లోళ్లు అక్కడి సర్కారు, యూనివర్సిటీ సైట్లను ఇట్లనే ఆగం పట్టిచ్చిండ్రు.

సర్కారు సైటే ఎందుకు? గవ్ అనే తోక ఉన్నందుకే మేం ప్రత్యేకంగ చూడమని గూగుల్ అంటది. కానీ ఏండ్ల సంది పేపర్లు, బ్యాంకులు, బడులు సర్కారు సైట్లకు లింకులు ఇస్తనే ఉంటయి. అట్ల జమైన పరపతి ఎంతో పెద్దది. దాని తోడు, అడ్రస్ చూసి మనం సుత నమ్ముతం. మన పన్ను పైసలతోని, మన నమ్మకంతోని కట్టిన ఇంటి గోడ మీద జూదగాడు పోస్టర్ అంటిస్తున్నడు.

తీగ ఎట్ల లాగాలె

ఒక సైటు ఎనుక ఉన్నది నిజమైన పేరా, కొన్న పేరా తెలుసుకునుడు గొప్ప విద్యేం కాదు. లింకులను చూపెట్టే పనిముట్లు ఉన్నయి. అహ్రెఫ్స్, సెమ్‌రష్, మెజెస్టిక్ అసొంటివి ఏ సైటుకు ఎవలు లింకిచ్చిండ్రో చూపెడ్తయి, కానీ పూరాగ చూడాలంటే పైసలు కట్టాలె. మన సొంత సైటు అయితే గూగుల్ సెర్చ్ కన్సోల్‌ల ఉచితంగ చూసుకోవచ్చు. జాబితా చేతికొచ్చినంక అడగాల్సినయి గివి.

లింకిచ్చినోనికి ఈ ముచ్చటతోని ఏం సంబంధం? ఎరువుల గురించి రాసే సైటు వ్యవసాయ యూనివర్సిటీకి లింకిస్తే సమజైతది. రమ్మీకి ఇస్తే అనుమానించాలె.

ఏ మాటల మీద లింకు పెట్టిండ్రు? మామూలు మనిషి లింకిస్తే ఒకడు సైటు పేరు రాస్తడు, ఒకడు ‘ఇక్కడ చూడున్రి’ అంటడు, ఒకడు ఉత్త అడ్రస్ పెడ్తడు. వంద సైట్లల్ల అక్షరం పొల్లు పోకుంట ‘ఇండియాల నంబర్ వన్ బెట్టింగ్ యాప్’ అనే ఉంటే, అది నేర్పిచ్చిన సాక్ష్యమే.

ఎప్పుడిచ్చిండ్రు? మంచి పేరు మెల్లమెల్లగ వస్తది. ఒక్క వారంల వేల లింకులు వచ్చినయంటే, సైటు గురించి పెద్ద వార్తన్న వచ్చి ఉండాలె, లేకుంటే లారీలల్ల జనాన్ని తోలిన మీటింగన్న అయి ఉండాలె.

ఒకరి వీపు ఒకరు గోకుతున్నరా? ఒకటో సైటు రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మళ్ల ఒకటోదానికి లింకిస్తుంటే, బయటోడు ఒక్కడూ లేకుంటే, అది ఒకే ఇల్లు.

ఇల్లు ఎవలది? ఒకే సర్వర్, ఒకే వారంల కొన్న డొమైన్లు, ఒకే డిజైన్, ఒకే యాడ్ ఖాతా నంబర్, ‘మా గురించి’ పేజీల ఒకే రాత. పేర్లు వేరైనా ఇవి కలిస్తే మనిషి ఒక్కడే అని అనుమానం బలపడ్తది. కానీ ఒక్క గుర్తు తోనే దొంగ అని తేల్చొద్దు. తక్కువ ధర హోస్టింగ్‌ల ఒకే సర్వర్ మీద వందల మంది మంచోళ్లు సుత ఉంటరు. నాలుగైదు గుర్తులు కలిస్తేనే మాట్లాడాలె. ఆఖరికి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌ల ఆ సైటు పాత మొఖం చూడున్రి. ఐదేండ్ల కింద బడి సైటు, ఇయ్యాల కాసినో సైటు అయితే కథ అర్థమైనట్టే.

ఇట్ల తీగ లాగితే ఎంత పెద్ద డొంక కదులుతదో ఒక కేసు చెప్తది. యూరప్‌ల ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ అనే సంస్థ 2019ల 65కు పైగ దేశాల పేర్ల మీద నడిచే 265 ఉత్తుత్తి వార్తా సైట్లను బయటపెట్టింది. చాన వాటికి ఎప్పుడో మూతవడ్డ పేపర్ల పేర్లు పెట్టిండ్రు. ఒకదాని రాత ఇంకొకటి ఎత్తుకొని వేసుడు, ఒకదాన్ని ఇంకొకటి సాక్ష్యం చూపెట్టుడు. సర్వర్ అడ్రసులు, రిజిస్ట్రేషన్లు పట్టుకొని పోతే ఢిల్లీల శ్రీవాస్తవ గ్రూపు కాడ తేలింది. 2020 డిసెంబర్ నివేదికల ఆ లెక్క 750 సైట్లు దాటింది. సర్కారే చేయించిందనే రుజువు ఆ నివేదికల లేదు, మన విదేశాంగ శాఖ సుత అసొంటి పని మేం చేయమని చెప్పింది. మనం నేర్చుకోవాల్సింది ఏందంటే, బట్టలు అమ్మేతందుకు కట్టిన వలతోనే అభిప్రాయాలు సుత అమ్మొచ్చు. ‘ప్రపంచమంత ఇదే మాట్లాడుతున్నది’ అని కనవడ్డప్పుడు, మాట్లాడేది ఒక్క ఇల్లే కావొచ్చు.

నష్టం ఎవలకు?

బెట్టింగ్‌ల పైసలు పోగొట్టుకున్న పిలగాని ఇంటి సంగతి మీకు నేను చెప్పక్కర్లే. ప్రతి మండలంల అసొంటి ఇండ్లున్నయి. కానీ నష్టపోయెటోళ్లు ఇంకా ఉన్నరు.

పోచంపల్లిల మగ్గం నేసే అన్న ఒకాయన సొంతంగ సైటు పెట్టుకున్నడనుకుందాం. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నది, చీర అసలుది, నేసినోడు అసలోడు. కానీ ఆయన సైటుకు లింకిచ్చెటోడు ఎవడు? ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద ప్రింటేసి అమ్మే షావుకారు నెలకు ఇన్ని పైసలని లింకులు కొంటడు. వెతికినోనికి మొదలు ప్రింటు చీర కనవడ్తది, మగ్గం చీర ఎక్కడో మూడో పేజీల ఉంటది. మూడో పేజీ దాకా పోయెటోళ్లు ఎంత మంది? అంగట్ల తక్కెడ దొంగతనం తెలుసు మనకు. ఇది తక్కెడ కన్నా ముందు, అంగడికి వచ్చే తొవ్వనే మలిపే దొంగతనం. ఇప్పుడు ఏఐ ఇచ్చే జవాబులు సుత వెబ్ పేజీలను చదివే చెప్తున్నయి కాబట్టి, ఆ మలుపు ఇంకింత దూరం పోతది.

ఇగ ఆ అన్నకు ఫోనొస్తది. ‘సార్, వెయ్యి రూపాయలకు పదివేల బ్యాక్‌లింకులు, నెల రోజులల్ల ఫస్ట్ పేజీ గ్యారంటీ’ అని. తమ్ముళ్లు, చెల్లెళ్లు, గట్టిగ చెప్తున్న, ఫస్ట్ పేజీ గ్యారంటీ ఇయ్యడం ఎవలతోని కాదు. ఆ మాట గూగులే చెప్తది. అసొంటి చెత్త లింకులను గూగుల్ చాన మట్టుకు లెక్కలకే తీసుకోది. పట్టుకుంటే సైటును కిందికి తోస్తది. పెద్ద కంపెనీకి వేటు పడ్డా లాయర్లుంటరు, యాడ్లకు పైసలుంటయి. నేతన్నకు ఏముంటది?

ఆ లింకులు పెట్టే పని ఎవలు చేస్తున్నరో సుత చూడాలె. డిగ్రీ అయి, కోచింగ్ అయి, కొలువు రాక ఇంట్ల కూసున్న మన పిల్లలే. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటరు, డిజిటల్ మార్కెటింగ్ అంటరు, తీరా చూస్తే రోజుకు ఇన్ని లింకులు పెట్టాలనే కైకిలి. నాట్లకు పోయిన అమ్మకు కూలి ఎంతో ఎరుకుంటది, చేను ఎవలదో ఎరుకుంటది. ఈ పిల్లలకు ఏ సైటు కోసం చేస్తున్నరో సుత సరిగ చెప్పరు. సెర్చ్ పని చెడ్డ పని అని నేను అంటలేను. సైటును మంచిగ కట్టుడు, తెలుగుల మంచి సమాచారం పెట్టుడు, అది దొరికేటట్టు చేసుడు గౌరవమైన విద్య. దొంగ సాక్ష్యం రాసుడు వేరే.

పహాణి ఎవల చేతుల ఉన్నది?

గూగుల్ మంచోడు, దళారి చెడ్డోడు అని చెప్పి ముగించుడు అలక. కానీ లెక్క అట్ల లేదు. ఒకప్పుడు గూగుల్ సెర్చ్‌ల ఒక చిన్న మాట కొడితే ఏ సైటుకు ఎవలు లింకిచ్చిండ్రో కొన్ని చూపెట్టేది. ఆ తొవ్వ బంద్ చేసింది. ఇప్పుడు పూర లెక్క దాని దగ్గర్నే ఉన్నది. బయటోళ్లకు కావాలంటే వేరే కంపెనీలకు పైసలు కట్టి సగం లెక్క చూసుకోవాలె. ఎన్కట ఊరి భూమంత పట్వారి పహాణిల ఉండె, ఎవని పేరు ఎక్కింది, ఎవని పేరు కొట్టేసింది ఆయనకే ఎరుక. ఇంటర్నెట్ పహాణి ఇయ్యాల ఒక్క కంపెనీ దగ్గర ఉన్నది. 2024 ఆగస్టుల అమెరికా కోర్టే గూగుల్ సెర్చ్‌ల చట్టానికి విరుద్ధంగ గుత్తాధిపత్యం నడుపుతున్నదని తీర్పిచ్చింది. జేసీ పెన్నీ కథ చూడున్రి. నెలల తరబడి నడిచిన మోసం, పత్రిక అడిగినంకనే ఆగింది. అడిగెటోడు లేకుంటే?

అందుకే అడుగుడు మన పని. సర్కారును అడగాల్సింది, ప్రతి శాఖ, ప్రతి మున్సిపాలిటీ, ప్రతి యూనివర్సిటీ సైటును ఏడాదికోసారి తనిఖీ చేసి, ఎక్కడ ఎవలు జొరవడ్డరో జనానికి చెప్పాలె. వాడుకలో లేని సైట్లను గాలికి ఇడిసిపెట్టొద్దు, పాత డొమైన్‌ను దళారి చేతుల పడనియ్యొద్దు. బెట్టింగ్ కేసులల్ల యాడ్ చేసిన మొఖాలతోని ఆగకుంట, లింకుల వల అల్లినోళ్ల దాకా దర్యాప్తు పోవాలె. చట్టంల ప్రచారం చేసినా శిక్ష అని రాసినప్పుడు, దొంగ లింకు ప్రచారం కాదా?

మనం చేసేది సుత ఉన్నది. గూగుల్‌ల ఇంగ్లీషు అక్షరాలల్ల ‘సైట్’ అని రాసి, పక్కనే రెండు చుక్కలు పెట్టి, సందు ఇయ్యకుంట మీ కాలేజీ సైటు అడ్రస్ కొట్టున్రి. ఆ తర్వాత సందిచ్చి ‘రమ్మీ’ అనో ‘బెట్టింగ్’ అనో కొట్టి చూడున్రి. ఏమన్న కనవడితే ఆ లింకు నొక్కకున్రి. స్క్రీన్‌షాట్ తీసి ప్రిన్సిపాల్‌కు, అధికారులకు కాగితం రాసి ఇయ్యున్రి, దేశంల సైబర్ భద్రత చూసే సర్ట్-ఇన్‌కు ఫిర్యాదు పంపున్రి. ఎవలన్న ఇప్పటికే పైసలు పోగొట్టుకుంటే సిగ్గువడకుంట వెంటనే 1930కి ఫోన్ చేయమనున్రి. ఎంత జల్ది చేస్తే పైసలు ఆపేతందుకు అంత వీలుంటది.

మీ ఊరి నేతన్నదో, మీ ఊరి మహిళా సంఘం పచ్చళ్లదో మంచి సైటు ఉంటే దానికి మీరు లింకివ్వున్రి. మీరు నడిపే పేజీల, మీ కాలేజీ పత్రికల, మీరు రాసే ముచ్చట్ల పెట్టున్రి. ఒక్క నిజమైన మనిషి, ఎరిగి, ఇష్టపడి ఇచ్చిన లింకు అది. గూగుల్ మొదలు లెక్కపెడ్తనన్నది అసొంటి సాక్ష్యాన్నే.